దసరా నుంచి ఉగాది దాకా: ఓరుగల్లులో ఏ నాటకం ఎవరికి సరిపోతుంది

వానలు వెనకపట్టగానే హనుమకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్ నాటక మిత్రుల్లో ఒకే చర్చ మొదలవుతుంది. దసరా తర్వాత ఏ నాటకం వేద్దాం? చేతిలో ఉండేది ఉగాది దాకా ఆరు నెలలే. అందులో సంక్రాంతికి ఐనవోలు జాతర వస్తుంది, మాఘంలో పెళ్ళిళ్ళు వస్తాయి, ఆ వెంటనే ఇంటర్, టెన్త్ పరీక్షలు మొదలవుతాయి. ఇవన్నీ తీసేస్తే మూడు ప్రదర్శనలకు, మహా అయితే నాలుగింటికి చోటు మిగులుతుంది. ఒక్క ఎంపిక తప్పినా సీజన్‌లో పెద్ద భాగం పోయినట్టే.

తెలుగులో గొప్ప నాటకాలు ఏవన్నది ఇక్కడ విషయం కాదు. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వచ్చే మనుషులతో నడిచే మన ఊరి నాటక సమాజం దేన్ని బాగా ఆడగలదు, దేన్ని పట్టుకుంటే మధ్యలో వదిలేయాల్సి వస్తుంది అన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెప్తాను. నాటకాన్ని దాని పేరు చూసి ఎంచుకోకూడదు. రిహార్సల్‌కు నిజంగా రాగలిగే మనుషులను చూసి, వాళ్ళ నోట తడబాటు లేకుండా పలికే భాషను చూసి ఎంచుకోవాలి. ఈ రెండూ కుదిరితే చిన్న నాటకం కూడా జనం గుండెల్లో ఉండిపోతుంది. కుదరకపోతే కన్యాశుల్కమైనా సగం హాలు ఖాళీ అవుతుంది.

అందుకే స్క్రిప్టులు వెతికే ముందు ఒక కాగితం తీసుకుని మీ సమాజంలోని వాళ్ళ పేర్లు రాయండి. నలభై సాయంత్రాలు వరుసగా ఇవ్వగలిగేవాళ్ళు ఎవరు? కాజీపేటలో రైల్వే వాళ్ళు, భూపాలపల్లిలో సింగరేణి వాళ్ళు ఉన్న సమాజాలకు షిఫ్టు డ్యూటీ పెద్ద అడ్డంకి. ఒకే సీనులో ఉండే ఇద్దరికి వేర్వేరు షిఫ్టులు పడితే ఆ సీను ప్రదర్శన ముందురోజు దాకా కలిసి చేయలేరు. ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? వాళ్ళు ఇంటికి ఎన్ని గంటలకు చేరాలి? శ్రుతిలో పద్యం పాడగలిగేవాళ్ళు ఉన్నారా? ఈ ప్రశ్నలకు జవాబు రాసేసరికి మీ ముందున్న నాటకాల్లో సగం వాటంతటవే పక్కకు పోతాయి.

కన్యాశుల్కమా, వరవిక్రయమా

రెండూ పెళ్ళిలో డబ్బు గురించే. ఒకదానిలో పిల్లను అమ్ముతారు, ఇంకోదానిలో పిల్లవాణ్ని కొంటారు. అందుకే చాలామంది వీటిని ఒకే గాటన కడతారు. ఆడేవాళ్ళకు మాత్రం ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. ఈరోజు మనం చదివేది 1909లో ఆయన పూర్తిగా మార్చి రాసిన రూపం. ఏడు అంకాలు. మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు కాబట్టి ఎవరు వేసినా కుదించే వేస్తారు. చిక్కు అక్కడే ఉంది. గిరీశం ఒక్కడే గుర్తుండి, మిగతా నాటకాన్ని అతని జోకుల చుట్టూ అల్లేస్తారు. అలా చేస్తే బాల వితంతువు బుచ్చమ్మ బాధ, వేశ్య మధురవాణి వివేకం రెండూ మాయమవుతాయి. నా మాట వింటే కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పిసినారి ముసలాడు లుబ్ధావధాన్లకు కట్టబెట్టే కథను వెన్నెముకగా పెట్టుకోండి. దానిలో నవ్వూ ఉంది, విషయమూ ఉంది, మధురవాణికి చేతినిండా పనీ ఉంది.

రెండో చిక్కు భాష. అది విజయనగరం అగ్రహారపు తెలుగు. మన నటులు దాన్ని అనుకరించబోతే సినిమాల్లో విన్న గోదావరి యాస వస్తుంది, అది ఏ ఊరిదీ కాకుండా పోతుంది. అలాగని తెలంగాణ తెలుగులోకి మార్చేస్తే గురజాడ రాసిన ఆ మాటల నడక విరిగిపోతుంది. ఈ నాటకం వేయాలంటే ఉచ్చారణ మీదే కనీసం రెండు వారాలు కూర్చోవాలి. పదిహేను మంది దాకా స్థిరంగా ఉన్న సమాజం, అందులో మధురవాణిని మోయగల అనుభవం ఉన్న నటి ఉంటేనే దీని జోలికి వెళ్ళండి. బయటి నుంచి నటిని పిలిపించి చివరి నాలుగు రిహార్సల్స్‌తో మధురవాణి వేషం వేయించడం ఆ పాత్రకు అన్యాయం.

కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయం ఇంత విస్తారమైనది కాదు. వందేళ్ళ కిందటి ఈ నాటకంలో కథ ఒక ఇంటి చుట్టూ బిగువుగా తిరుగుతుంది. పురుషోత్తమరావు, భ్రమరాంబ, వాళ్ళ ఇద్దరు కూతుళ్ళు కాళింది, కమల. అవతలి పక్క పిసినారి సింగరాజు లింగరాజు. తన పెళ్ళి కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవడం భరించలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. తర్వాత అదే వరుడికి చెల్లెలు కమల భార్య అవుతుంది. డబ్బు పోసి కొన్న మొగుడు మా సొత్తు, అత్తారింటికి నేనెందుకు రావాలి అని నిలబడుతుంది.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అయినా మన దగ్గర సంబంధం మాట్లాడేటప్పుడు ఎకరాలు, ప్లాట్లు, తులాల లెక్క ఆగలేదు. హనుమకొండలో ఈ నాటకం చూసే ప్రేక్షకుల్లో ప్రతి వరుసలోనూ ఆ లెక్కలో కూర్చున్నవాళ్ళు ఉంటారు. లింగరాజు మాటలకు మొదట నవ్వుతారు, కమల ప్రశ్నకు హాలు మొత్తం నిశ్శబ్దమవుతుంది. ఇంత సూటిగా తగిలే నాటకం మన పాతవాటిలో ఇంకోటి నాకు కనిపించదు. తొలిసారి పూర్తి నిడివి నాటకం వేస్తున్న సమాజానికి నేను మొదట చెప్పేది ఇదే.

వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. అసలు నాటకంలో పద్యాలు చాలా ఉన్నాయి. పాడగలిగేవాళ్ళు లేకపోతే నాలుగైదు ఉంచి మిగతావి వచనంలో చెప్పండి, శ్రుతి తప్పిన పద్యం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. రెండోది కాళింది చావు. హాల్లో ఆ వయసు ఆడపిల్లలు ఉంటారు. బావిని, దూకడాన్ని స్టేజి మీద చూపించి విషాద సంగీతం పెంచి దాన్ని త్యాగంలా నిలబెట్టకండి. వార్త లోపలి నుంచి రానివ్వండి, తండ్రి కూలిపోవడం చూపించండి. ప్రేక్షకుడు ఇంటికి తీసుకెళ్ళాల్సింది కమల ధైర్యాన్ని.

కాళ్ళకూరి వారిదే చింతామణి కూడా చాలామంది అడుగుతుంటారు. నేను వద్దంటాను. ఏళ్ళ తరబడి అందులోని వైశ్య పాత్ర సుబ్బిశెట్టి సీన్లలో ఎవరికి తోచిన ద్వంద్వార్థాలు వాళ్ళు చేర్చుకుంటూ పోయారు. ఆర్యవైశ్యుల అభ్యంతరంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటకాన్ని నిషేధించింది. మన దగ్గర వేసినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీజన్‌లో దానికి చోటు లేదు.

ఓరుగల్లు గురించే రాసిన నాటకం ఉండగా

వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయం 1897లో వచ్చింది. కథ జరిగేది మన కోటలో. ఢిల్లీ సేనలు ప్రతాపరుద్రుణ్ని పట్టుకుపోతే, మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి రాజును విడిపించుకుని వస్తాడు. ఇక్కడ సింహాసనం ఖాళీగా ఉందని తెలియకుండా, రాజు పోలికలున్న చాకలి పేరిగాణ్ని ఆ స్థానంలో కూర్చోబెడతారు. ఇంతటి నాటకీయత ఉన్న కథ, మన ఊరి పేరుతో, నూట ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. ఓరుగల్లు వాళ్ళే దీన్ని ఎక్కువగా ఆడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కష్టాలు లేవని కాదు. నిడివి చాలా ఎక్కువ. పాత్రలు చాలా ఎక్కువ. పెద్ద పాత్రలు మాట్లాడేది గ్రాంథికం. వేదం వారు పాత్రోచిత భాష పాటించారు కాబట్టి పండితుడు ఒకలా, చాకలి ఒకలా, ఢిల్లీ వాళ్ళు ఒకలా మాట్లాడతారు. ఈ పద్ధతే మనకు దారి చూపిస్తుంది. ఆయన పేరిగాడి నోట పెట్టింది తనకు తెలిసిన పల్లె తెలుగు. పేరిగాడు ఓరుగల్లు చాకలి కాబట్టి ఇక్కడ వేసేటప్పుడు అతను పర్వతగిరి, నర్సంపేట ఊళ్ళల్లో వినబడే తెలుగు మాట్లాడితే నాటకం స్వభావానికి అది విరుద్ధం కాదు, ఇంకా దగ్గరవుతుంది. వేదం వారు 1929లో మరణించారు, హక్కుల గడువు ఎప్పుడో ముగిసింది. మార్చుకోవడానికి చట్టం అడ్డురాదు, మన విచక్షణే కావాలి.

పేరిగాడిని వెటకారానికి వాడుకోవడం మాత్రం చేయకండి. చాకలి రాజు కుర్చీలో కూర్చోవడమే హాస్యం అనుకుంటే ఈ రోజుల్లో అది చెల్లదు, చెల్లకూడదు కూడా. పాలకుర్తి చాకలి ఐలమ్మ నేల ఇది. కుర్చీ ఎక్కిన మనిషి ఎంత భయపడ్డాడు, ఎంత తెలివిగా నెట్టుకొచ్చాడు, దిగిపోయాక అతనికి ఏం మిగిలింది అన్న వైపు నుంచి ఆ సీన్లను పట్టుకుంటే నవ్వు తగ్గదు, గౌరవమూ పోదు. ఢిల్లీ సేనాపతుల పాత్రల విషయంలోనూ ఇంతే. వాళ్ళను శత్రు రాజ్యపు తెలివైన మనుషులుగా చూపిస్తేనే యుగంధరుడి ఎత్తుకు విలువ. మండిబజారు నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చునే ముస్లిం మిత్రులు తలదించుకునేలా ఒక్క మాట కూడా ఉండకూడదు.

చరిత్ర వేరు, నాటకం వేరు అన్న సంగతి ప్రేక్షకులకు ముందే చెప్పాలి. 1323లో ఉలూగ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయిన రాజకుమారుడు, ఓరుగల్లును గెలిచాడు. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తరలిస్తుండగా నర్మదా తీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెప్తుంది. నాటకంలో రాజు తిరిగి వస్తాడు, చరిత్రలో రాలేదు. ఈ నాలుగు ముక్కలు కరపత్రంలో వేస్తే చాలు. బడిపిల్లలు వస్తే వాళ్ళకు అదే ఒక పాఠం.

కోటలోనే వేస్తే బాగుంటుందన్న ఆశ అందరికీ ఉంటుంది. ఖిలా వరంగల్ కీర్తితోరణాల ప్రాంగణం కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, అనుమతి కోసం చాలా ముందుగా తిరగాలి, లైట్లకూ మైకులకూ షరతులుంటాయి. మొదటిసారి హాల్లోనే వేసి, రెండో ఏడు కోట సంగతి చూడండి. హాల్లో వేసేటప్పుడు థర్మాకోల్ తోరణం కట్టే ఖర్చు మానుకుని ఆ డబ్బు దుస్తులకు పెట్టండి. కాకతీయుల కాలపు బట్టకట్టు ఎలా ఉండేదో రామప్ప శిల్పాల్లో చూడవచ్చు. సినిమా కిరీటాలు, మెరుపు జరీ అక్కర్లేదు.

గంటా యాభై నిమిషాలకు కుదించి, పన్నెండు మందితో, ఇద్దరు ముగ్గురు రెండేసి వేషాలు కట్టేలా రాసుకుంటే ఇది ఆడదగ్గ నాటకమే. ఎడిటింగ్‌కే నెల పడుతుంది. కాబట్టి సీజన్ మొదట్లో పెట్టకండి, సంక్రాంతి దాటాక పెట్టండి. ఒక లోటు ఉంది. కథంతా మగవాళ్ళ చేతుల్లో నడుస్తుంది, ఆడవాళ్ళకు పెద్దగా పని లేదు. మీ సమాజంలో మంచి నటీమణులు ముగ్గురు నలుగురు ఉంటే, దీన్ని వరవిక్రయంతో జోడీగా వేస్తేనే వాళ్ళకు న్యాయం జరుగుతుంది.

పోరాటం మీద: పాత నాటకమా, కొత్త నాటికా

తెలంగాణ రైతాంగ పోరాటం మీద నాటకం అనగానే మా భూమి పేరు వస్తుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ఈ నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. చాలామంది దీన్ని గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి సినిమాతో కలిపేస్తారు. ఆ సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. నాటకం వేరు.

మా భూమి గుంపు నాటకం. పాటలు, బుర్రకథ, జనం కదలిక దాని బలం. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థుల్లాంటి పాతిక మంది ఉత్సాహవంతులు దొరికితే స్టేజి మండిపోతుంది. ఎనిమిది మంది నడివయసు ఉద్యోగులతో వేస్తే జనం లేని ఊరేగింపులా ఉంటుంది. ఇంకో విషయం, రచయితలిద్దరూ కృష్ణా జిల్లా వైపువాళ్ళు. కథ మనది, మాట వాళ్ళది. కడవెండిలో 1946 జూలై 4న ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్య ప్రాణం పోయిన చోటికి ఇక్కడి నుంచి గంటన్నర ప్రయాణం కూడా ఉండదు. ఆ మట్టి మాట వినిపించకుండా ఈ కథను ఇక్కడ చెప్పడం నాకు వెలితిగానే అనిపిస్తుంది.

అందుకే చిన్న సమాజాలకు నేను ఇంకో దారి చెప్తాను. పి.వి. నరసింహారావు 'విజయ' అనే కలం పేరుతో, వరంగల్ నుంచి వచ్చిన కాకతీయ పత్రికలో, గొల్ల రామవ్వ అనే కథ రాశారు. రజాకార్ల రోజుల్లో, ఒక రాత్రి తన గుడిసెలోకి వచ్చిన యువకుణ్ని కాపాడే ముసలమ్మ కథ అది. ఒకే గుడిసె, ఒకే రాత్రి, నలుగురైదుగురు మనుషులు, బయట బూట్ల చప్పుడు. నాటికకు ఇంతకన్నా ఏం కావాలి? ఒక లాంతరు వెలుగు, ఒక మంచం, ఒక కుండ చాలు. రామవ్వ వేషానికి అరవై ఏళ్ళ నటి కావాలన్న నియమం లేదు, కానీ ఆ మాట పల్లెలో పెరిగిన నాలుక మీద నుంచే రావాలి. మీ సమాజంలో రిటైరైన టీచరమ్మ ఎవరైనా ఉంటే ముందు వాళ్ళతో చదివించండి. ముప్పావుగంటలో ముగిసే ఈ నాటిక మా భూమి చెప్పే విషయాన్ని ఒక మనిషి గుండె వైపు నుంచి చెప్తుంది. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే, ఇరవై మంది లేని ఏ సమాజమైనా దీన్నే ఎంచుకోవాలని నా సలహా.

సినిమాల్లో చాలాకాలం మన మాటను జోకర్లకూ రౌడీలకూ ఇచ్చారు. ఆ మచ్చ స్టేజి మీద చెరపడం మన చేతుల్లో ఉంది. కరుణ, తెలివి, ధైర్యం ఉన్న పెద్ద పాత్ర ఒకటి తెలంగాణ తెలుగులో పూర్తి నిడివి మాట్లాడాలి. సీజన్‌లో అలాంటిది కనీసం ఒకటి ఉండి తీరాలి.

ఉద్యోగులే ఎక్కువగా ఉన్న సమాజాలకు ఆత్రేయ నాటకం ఎన్.జి.ఓ. (నాన్ గెజిటెడ్ ఆఫీసర్) కూడా మంచిదే. దిగువ మధ్యతరగతి గుమాస్తా ఇంటి బాధ, ఒకే సెట్టు, తక్కువ మంది. జీతం లెక్కలు ఇప్పటివి కావు. వాటిని మార్చొద్దు, ఆ కాలపు నాటకంగానే వేయండి.

పద్యనాటకం: వేయాలా, పిలవాలా

పద్యం వినడానికి మన ప్రేక్షకుడు ఇప్పటికీ వస్తాడు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు, బలిజేపల్లి హరిశ్చంద్ర కాటిసీను ఎక్కడ వేసినా 'వన్స్ మోర్' వినిపిస్తుంది. కానీ ఇది ఏళ్ళ సాధన. హార్మోనియం పక్కన నిలబడి రాగం తీసి, ఊపిరి ఆపి, అర్థం చెడకుండా పద్యం ముగించడం నలభై రోజుల రిహార్సల్‌తో రాదు. మీలో ఇద్దరు నిజమైన గాయకులు ఉంటే ఒక్క ఘట్టం, అరగంట, వేయండి. లేకపోతే వృత్తి కళాకారుల బృందాన్ని పిలవండి. వాళ్ళకు మీ సీజన్ ఒక పని దినం అవుతుంది, మీ ప్రేక్షకులకు అసలైన పద్యం దొరుకుతుంది.

సమయం లెక్క కూడా చూసుకోవాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లకు వీల్లేదు. తలుపులు మూసిన ఆడిటోరియానికి వెసులుబాటు ఉంది, ఊరి చావడి ముందు పందిరికి లేదు. పూర్తి నిడివి పద్యనాటకం ఆరుబయట పెడితే సాయంత్రం ఆరింటికే తెర లేవాలి.

ఒగ్గుకథ, చిందు యక్షగానం గురించి నా మాట ఇంకా గట్టిగా ఉంటుంది. వాటిని మనం అనుకరించొద్దు, ఆ కళాకారులనే పిలవాలి. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య, వేములవాడ దగ్గరి మిద్దె రాములు, నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో చూసిన తరం ఇంకా ఉంది. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఊళ్ళల్లో ఆడుతున్నారు. మెడలో డోలు వేసుకుని బ్యాంకు ఉద్యోగి పాడే ఒగ్గుకథ కన్నా, మల్లన్న కథ పుట్టుకతో తెలిసిన మనిషిని గౌరవంగా స్టేజి ఎక్కించి సరైన పారితోషికం ఇవ్వడం మంచి పని. సీజన్ మొదటి రోజు అలా పెడితే ఎప్పుడూ హాలు గడప తొక్కని జనం కూడా వస్తారు.

హాలు, హక్కులు

కాళోజీ కళాక్షేత్రం 2014లో శంకుస్థాపన జరిగి 2024 నవంబరులో తెరుచుకుంది. వెయ్యికి పైగా సీట్లున్న మంచి ఆడిటోరియం. అక్కడ వేయాలన్న కోరిక సహజమే, కానీ గొల్ల రామవ్వ లాంటి నాటికను అంత పెద్ద హాల్లో వేస్తే ముసలమ్మ ముఖంలో కదలిక పదో వరుస దాటదు. రెండొందల మంది వచ్చినా హాలు ఖాళీగా కనిపించి నటులు నీరసపడతారు. ప్రతాపరుద్రీయానికి, పిలిచే పద్యనాటకానికి అది సరైన చోటు. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం పాత ప్రేక్షకులకు అలవాటైన చోటు, వరవిక్రయం అక్కడ బాగుంటుంది. నాటికలకైతే ఏదైనా కాలేజీ సెమినార్ హాలు చాలు. ఎక్కడ వేసినా బుక్ చేసేముందు వింగ్స్‌లో ఎంతమంది నిలబడగలరు, గ్రీన్ రూముల్లో ఆడవాళ్ళకు వేరే గది, బాత్రూము ఉన్నాయా అన్నవి స్వయంగా వెళ్ళి చూడండి. డిసెంబరు శని, ఆదివారాల కోసం పెళ్ళిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు పోటీకి వస్తాయి, తేదీ ముందు పట్టుకోవాలి.

హక్కుల సంగతి చాలా సమాజాలు పట్టించుకోవు, పట్టించుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, కాళ్ళకూరి 1927లో, బలిజేపల్లి 1953లో పోయారు, వాళ్ళ నాటకాలకు ఇబ్బంది లేదు. కాటిసీనులో పాడే జాషువా పద్యాల సంగతి వేరు. ఆయన 1971లో పోయారు కాబట్టి 2031 చివరి దాకా గడువుంది. ఆత్రేయ 1989లో, పి.వి. 2004లో పోయారు. ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు ఆడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. టికెట్ పెడితే అది వర్తించదు. కథను నాటికగా మార్చడం ఆ మినహాయింపులోకి రాదు, దానికి వేరుగా అనుమతి కావాలి. టికెట్ లేకపోయినా కుటుంబానికి ఉత్తరం రాసి అనుమతి అడగడం మర్యాద. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు, ప్రదర్శనకు వస్తారు కూడా.

ఇక కూర్పు. కొత్తగా మొదలైన, పదిమంది లోపు సమాజం అయితే: దీపావళి తర్వాత ఒగ్గుకథ బృందాన్ని పిలిచి సీజన్ ప్రారంభించండి, డిసెంబరులో గొల్ల రామవ్వ నాటిక, ఫిబ్రవరిలో అదే నాటికను పరకాల, జనగామ లాంటి ఇంకో ఊరికి తీసుకెళ్ళండి. రెండో నాటకం మోయడం కన్నా ఒకదాన్నే రెండు ఊళ్ళల్లో ఆడటం మీకు ఎక్కువ నేర్పుతుంది. నాలుగైదేళ్ళ అనుభవం, నలుగురు నటీమణులు ఉన్న సమాజానికి: నవంబరులో వరవిక్రయం, ఫిబ్రవరిలో ప్రతాపరుద్రీయం, మధ్యలో ఒక రాత్రి పిలిచిన పద్యనాటకం. విద్యార్థులతో నడిచే సమాజం మా భూమిని జనవరి మొదటి వారం లోపే ఆడేయాలి, సంక్రాంతి సెలవులకు ఊళ్ళకెళ్ళిన పిల్లలు మళ్ళీ కుదురుకునేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. కన్యాశుల్కం వేయదలచినవాళ్ళు ఈ ఏడాది మిగతావన్నీ మానుకుని దాని మీదే కూర్చోండి.

ఇంకా తేలకపోతే, మిగిలిన రెండు నాటకాలను రెండు సాయంత్రాలు అందరూ వలయంగా కూర్చుని పూర్తిగా చదవండి. వేషాలు పంచకుండా, ఎవరి వంతు వస్తే వాళ్ళు చదవాలి. ఏ నాటకం చదివిన రోజు చాయ్ అయిపోయాక కూడా ఎవరూ లేవకుండా ఆ పాత్రల గురించే మాట్లాడుకున్నారో, ఆ నాటకానికి మర్నాడే హాలు అడ్వాన్సు కట్టేయండి.